డెక్క గుర్తులు లేని బండి బాట

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. మనం ఉంటున్న చోట ఎద్దుబండ్లు లేవు. సెలవు రోజు వస్తే ఇక్కడి జనం పెద్ద చక్రాల జీపులు ఎక్కి, రోడ్డు వదిలేసి ఇసుకదిబ్బల మీదికి పోతారు. గుడారాలు వేసుకుని అక్కడే పడుకుని మర్నాడు తిరిగొస్తారు. మనమూ పోదామని మీరు అడిగారు. నేను "చూద్దాం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రాగానే ఒక బర్రె గుర్తొచ్చింది. బర్రె వెంట ఎద్దు, మేక, కోడి, చివరికి నక్క కూడా వచ్చేశాయి. సరిగ్గా కూర్చోండి. కిటికీ దగ్గర కాదు, ఇటు.

ఒక కొండ కింద ఒక దొడ్డి ఉండేది. ఆ దొడ్డిలో మనుషులు లేరు. కొట్టం, కంచె, ఒంటెద్దు బండి అన్నీ జంతువులవే. బండి ఎవరిదని అడుగుతారేమో, మైలన్న అనే ముసలి ఎద్దుది. కాబట్టి ఎవరి వస్తువునీ చెప్పకుండా తీసుకెళ్లలేదు.

మైలన్న నెమ్మదస్తుడు. బతుకంతా ఒకే బాట మీద బండి లాగాడు. దొడ్డి నుంచి సంతకు, సంత నుంచి దొడ్డికి. ఆ బాటలో చక్రాలు తిరిగి తిరిగి రెండు గాడులు పడ్డాయి. ఆ గాడుల మధ్య మైలన్న కళ్లు మూసుకుని నడిచేవాడు. ఒక్కోసారి నడుస్తూనే నిద్రపోయేవాడు కూడా.

ఒక వేసవి సాయంత్రం నెమరు వేస్తూ అతను కొండకేసి చూశాడు.

"ఆ వెనక ఒక ఊట ఉంది. నేను పుట్టింది అక్కడే. మా అమ్మ మెడదాకా నీళ్లలో దిగి నిలబడేది. ఒక్క రాత్రి మళ్లీ అక్కడ పడుకుని రావాలని ఉంది. ఈ మోకాలు చూస్తే వచ్చే ఏడాదికి కొండెక్కేలా లేదు," అన్నాడు.

పక్కనే కంచె మీద రెండు కాళ్లు పెట్టి ఆకులు అందుకుంటున్న చుక్కి చటుక్కున తిరిగింది. చుక్కి పడుచు మేక. ఎక్కకూడని ప్రతిచోటా ఎక్కడం దాని అలవాటు.

"మరి వెళ్లొచ్చుగా పెదనాన్నా?"

"ఒక్కడినే వెళ్లి ఏం చేస్తానే? ఇదిగో ఇదే అని చూపించడానికి పక్కన మనవాళ్లు ఉండాలి కదా. అందరూ వస్తే బండి కడతాను. నీళ్లూ మేతా వేసుకుందాం, నడవలేనివాళ్లు ఎక్కుతారు. బాట లేదు కానీ చూసుకుని పోతే బండి పోతుంది."

"అందర్నీ తీసుకొచ్చే పూచీ నాది!" అని చుక్కి గంతేసింది.

పూచీ పడటం తేలికే. ముందు నీలమ్మ దగ్గరికి వెళ్లింది. నీలమ్మ బర్రె. ఎండిపోయిన మడుగు అడుగున మిగిలిన చారెడు తడిలో పడుకుని ఉంది.

"అత్తా, కొండ వెనక్కి వెళ్తున్నాం. బండిలో! ఆరుబయట పడక! వస్తావా?"

"చూద్దాంలే," అంది నీలమ్మ, చెవి కూడా కదపకుండా.

"ఎప్పుడు చూద్దాం?"

"ఎండ తగ్గనీ."

"ఎండ తగ్గాక?"

"వాన పడుతుందిగా. వానలో ఎవరు పోతారు?"

"అక్కడ మెడదాకా నీళ్లున్నాయట అత్తా!"

నీలమ్మ ఒక కన్ను తెరిచింది. "నువ్వు చూశావా?"

చుక్కి తుంటరిదే కానీ అబద్ధం ఆడదు. "కొండ అంచు ఎక్కినప్పుడు దూరాన మెరుపు చూశాను. నీళ్లో తెల్ల బండో ఒట్టేసి చెప్పలేను. లోతు సంగతి పెదనాన్న చెప్పాడు."

"మైలన్న చెప్పాడంటే నిజమే." నీలమ్మ ఆలోచించింది. "సరే. గంపమ్మ వస్తే నేనూ వస్తాను."

గంపమ్మ అంటే కోడి. పిల్లల్ని ఎప్పుడూ గంప కింద పెట్టి కాపాడుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. చుక్కి అటు పరిగెత్తింది.

"పిన్నీ, కొండ వెనక్కి..."

"విన్నాను. నీ గొంతు సంతదాకా వినబడుతుంది. గద్దలు వస్తే?"

"బండికి చాప కప్పుతాం."

"గాలికి చాప ఎగిరిపోతే?"

"తాడుతో కడతాం."

"పిల్లలకి జలుబు చేస్తే? రాళ్లలో పాములుంటే? బండి పల్టీ కొడితే? అన్నిటికన్నా ముందు, చిరుత మాటేమిటే? నెలలు నిండకుండా పుట్టినట్టు ఎందుకీ తొందర?"

చిరుత. ఆ మాట దగ్గర దొడ్డి మొత్తం గొంతు తగ్గిస్తుంది. కొండ వెనక చిరుత ఉందనీ, అది ఇటు దిగకుండా తానే అడ్డుకుంటున్నాననీ గవరయ్య అనే నక్క ఏనాటినుంచో చెబుతున్నాడు. అతని కాపలాకి బదులుగా గంపమ్మ వారం వారం కంచె దగ్గర ఒక గుడ్డు పెట్టేది. (పొదగని గుడ్డే. ఆ విషయంలో గంపమ్మ చాలా జాగ్రత్త.) నీలమ్మ గిన్నెడు మీగడ పెట్టేది. చిరుతను మాత్రం ఎవరూ చూడలేదు. చూడకపోవడమే గవరయ్య కాపలాకి రుజువని అందరూ నమ్మారు.

"ఇంతకీ నీలమ్మ వదిన వస్తోందా?" అని అడిగింది గంపమ్మ.

"నువ్వొస్తే వస్తానంది."

"అయితే ఆవిడ వస్తే నేనూ వస్తాను. ఇప్పుడు నాకు పనుంది, పో."

చుక్కి దొడ్డి మధ్యలో కూలబడింది. ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ. ఈమె వస్తే ఆమె, ఆమె వస్తే ఈమె. ఇద్దరిలో ఒక్కరూ రానని అనలేదు, ఒక్కరూ వస్తాననీ అనలేదు. స్నేహితుల్ని ప్రయాణానికి కూడగట్టిన వాళ్లకి ఈ బాధ తెలుసు.

కాసేపు అలాగే కూర్చుని, తోక ఆడించి, మళ్లీ గంపమ్మ దగ్గరికి వెళ్లింది. ఈసారి రమ్మని అడగనే లేదు.

"పిన్నీ, నువ్వు రావద్దులే. నీ భయం నిజమే. కానీ పెదనాన్నకి ఎలాగైనా బయల్దేరాలని ఉంది. ఏమేం సర్దాలో కాస్త చెప్పిపెట్టవా? మాకు తెలిసి ఏడవదు."

గంపమ్మ రెక్కలు దులుపుకుంది. "ఏం సర్దారు?"

"నూకల మూట."

"ఇంకా?"

"అంతే."

"అంతేనా! తాడు? చాప? దెబ్బకి పసుపు? ఇరుసుకి కందెన? ఎండుగడ్డి మోపులు రెండైనా లేకుండా ఇసుకలో చక్రం దిగబడితే కింద ఏం వేస్తారు, మీ తలకాయలా? జరుగు!"

అంతే. గంపమ్మ బండెక్కింది. పొద్దు గూకేదాకా సర్దింది. సర్దినవి దించి మళ్లీ సర్దింది. తాడు మధ్యలో ముడి ఉందని మార్పించింది. నీళ్లకుండ మూతిని గుడ్డతో బిగించి కట్టించింది. చివరికి బండి ముందున్న నొగ మీద నిలబడి ఊపిరి పీల్చుకుని, "ఇందులో ఏది ఎక్కడుందో మీకు ఒక్కరికీ తెలియదు. తప్పుతుందా! నేను రావలసిందే," అంది.

"గంపమ్మ వస్తోందట!" చుక్కి కేక మడుగుదాకా వినబడింది.

నీలమ్మ నిట్టూర్చింది. మాట ఇచ్చేసింది కదా. "ఆ నీళ్లు మెడదాకా లేకపోవాలి, అప్పుడు చెప్తాను దీని పని," అనుకుంటూ లేచింది.

ఈ సందడంతా కంచె అవతల ఒక ముక్కుకి సోకింది. గవరయ్య వచ్చాడు. మెడ చుట్టూ ఎర్ర తుండుగుడ్డ, మొహం నిండా దిగులు.

"ఏమిటమ్మా గంపమ్మా, పిల్లల్ని వెంటబెట్టుకుని చిరుతకి విందు చేయడానికి పోతున్నావటగా?"

గంపమ్మ కంచె దగ్గరికి వచ్చింది. "నిజంగా ఉందంటావా మామా?"

"ఉందంటావా అంటే! నిన్ననే నా తోక పక్కనుంచి పంజా విసిరింది. నేను కాబట్టి బతికాను. ఇక నీలమ్మత్తకి ఒళ్లు బరువు, పరిగెత్తలేదు. మేక సంగతి సరే, అది దానికి ఊరగాయ."

నీలమ్మ మెల్లగా మడుగు వైపు తిరిగింది. గంపమ్మ గంపను గట్టిగా పట్టుకుంది. చుక్కికి ఏడుపొచ్చింది. రోజంతా పడ్డ పాటు ఒక్క మాటతో పోయేలా ఉంది.

అప్పుడు మైలన్న నెమరు ఆపాడు. అతను నెమరు ఆపడం అరుదు.

"గవరయ్యా, నా మోకాలు నీకు తెలుసు కదా. ఈసారి పోకపోతే ఇక పోను. బండికి ముందుండేది నేనే. చిరుత వస్తే మొదట నన్నే పట్టుకుంటుంది. ఈ ముసలి మాంసం నమిలి మింగేలోపు వీళ్లు ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, అన్నం కూడా తినొచ్చు. ఏం గంపమ్మా?"

గంపమ్మకి నవ్వాగలేదు. నవ్వొచ్చాక భయం కొంచెం పలచబడింది. "అన్న అంత మాటన్నాక ఆగితే మొహం ఎలా చూపిస్తాను? పోదాం. కానీ పిల్లలు బండి మధ్యలో కూర్చోవాలి. అంచున కూర్చుంటే ఒప్పుకోను."

నక్క మొహంలో దిగులు క్షణంలో మాయమై చిరునవ్వు వచ్చింది.

"అంత పట్టుదల ఉంటే నేనెందుకు అడ్డుపడతాను? మంచి మాటొకటి చెప్తాను విను మైలన్నా. రాళ్లలో పడి పోకు. తుమ్మచెట్టు దాటాక ఎడమ చేతికి పాత బండి బాట ఉంది, గాడులు ఇంకా చెరగలేదు. గాడి దొరికితే నీకేం, కళ్లు మూసుకుని పోతావు."

"గాడి ఉందా! అదృష్టం," అన్నాడు మైలన్న మనస్ఫూర్తిగా. "నీ మేలు మరిచిపోను."

మర్నాడు ఎండ ముదరకముందే బండి కదిలింది. కోడిపిల్లలు గంప కింద, గంప బండి మధ్యలో. గంపమ్మ నొగ మీద. నీలమ్మ వెనక నడక. చుక్కి బండికి కుడి పక్క బండల మీద గంతులు వేస్తూ, తనకి నచ్చిన దారిలో.

దొడ్డి బాట వదిలిన మరుక్షణం బండి ఒక రాయెక్కి దబ్బున దిగింది. పిల్లలు కిచకిచమని నవ్వాయి. గంపమ్మ కెవ్వుమంది. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. మూడో కుదుపుకి గంపమ్మ నోటినుంచే "హోయ్!" అని వచ్చింది. వెంటనే అటూ ఇటూ చూసి, "పిల్లల కోసం అన్నాను," అంది.

తుమ్మచెట్టు దాటగానే గవరయ్య చెప్పినట్టే ఎడమవైపు నేల మీద రెండు గీతలు, పక్కపక్కనే, పల్లానికి దిగుతూ కనబడ్డాయి. మైలన్న గుండె కుదుటపడింది. గాడిలోకి అడుగుపెట్టి కళ్లు మూసుకున్నాడు. బండి మెత్తగా సాగింది. నీలమ్మకి ఆవలింతలు కూడా వచ్చాయి.

గంపమ్మ మాత్రం నొగ మీదనుంచి కిందికే చూస్తోంది. కోడి చూపు ఎక్కడికి పోయినా నేల మీదికే వస్తుంది. బండి బాటలో పేడ ఉంటుంది, పేడలో అరగని గింజలుంటాయి, దిగి ఏరుకుందామని ఆశ.

"ఏమిటో ఈ బాట. ఇంత దూరం వచ్చాం, ఒక్క పేడకడి కనబడదు," అని గొణిగింది.

"పాత బాట కదా, ఎండిపోయుంటుంది," అన్నాడు మైలన్న కళ్లు తెరవకుండా.

"గాడి చెరగలేదు, పేడ చెరిగిందా?" గంపమ్మ మెడ ఇంకా వంచింది. తర్వాత ఈకలన్నీ లేచి నిలబడ్డాయి. "అన్నా, ఆగు! బండి ఆపు!"

బండి ఆగింది. నీలమ్మ ముక్కు వెనక చెక్కకి తగిలింది.

"ఏమైంది వదినా? గుడ్డు వచ్చిందా?"

"గుడ్డు కాదు. ఇటు చూడండి. ఇటు చక్రం గీత, అటు చక్రం గీత. మధ్యలో ఏది? మన వెనక చూడండి, గాడుల మధ్య అన్న డెక్కలు వరసగా పడ్డాయి. ముందు చూడండి, ఒక్క డెక్క లేదు! ఎద్దు లేకుండా బండి తనంతట తానే నడిచిపోయిందా?"

మైలన్న కళ్లు తెరిచాడు. ముందుకి చూశాడు, వెనక్కి చూశాడు. ఇన్నేళ్లుగా అతను గాడుల్ని నమ్మాడు. వాటి మధ్య ఏముందో చూడలేదు. అక్కడుండేది తన అడుగులే కదా.

"చుక్కీ, ముందేముందో చూసి రావే. నేల తట్టి తట్టి నడువు," అన్నాడు.

చుక్కి వెళ్లి వచ్చేసరికి గొంతు మారిపోయింది. "ముందు ఊబి ఉంది పెదనాన్నా! పైన ఎండిన పెచ్చు, దాని మీద ఎవరో ఆకులూ గడ్డీ పరిచారు. ఒక కాలితో నొక్కితే పెచ్చు ఊగింది. గీతలు తిన్నగా అందులోకే పోయాయి. పొదలో ఇది దొరికింది."

అది ఈడ్చుకొచ్చి పడేసింది ఒక పంగల కర్ర, పంగల మధ్య ఎడం సరిగ్గా బండి చక్రాల ఎడమంత. రెండు కొనలూ అరిగి, మట్టి పట్టి ఉన్నాయి. కర్ర మొదట్లో ఎర్ర తుండుగుడ్డ పీలిక ముడేసి ఉంది.

ఆ గుడ్డ ఎవరిదో అందరికీ తెలుసు. కర్రను నడుముకి కట్టుకుని గవరయ్య రాత్రంతా ఈడ్చాడు. ఒక్క కర్ర, రెండు గీతలు. గాడి దొరికితే మైలన్న కళ్లు మూసుకుంటాడని అతనికి తెలుసు.

"నా పిల్లలు," అంది గంపమ్మ. గంప ఎత్తి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టింది.

నీలమ్మ మెల్లగా బండి పక్కనుంచి ముందుకొచ్చి ఊబి వాసన చూసింది. ఆమె మొహం విప్పారింది.

"ఏమోయ్, మీరంతా దీన్ని చూసి భయపడుతున్నారా? నాకు పాన్పులా ఉందే! అడుగున గట్టి నేల తగిలే చోటు నాకు కాళ్లతోనే తెలుస్తుంది. నక్కకి మాత్రం పెచ్చు ఉన్నంతసేపే దారి. తేలిక ఒళ్లు కాబట్టి పైపైన నడిచిపోతాడు. ఆ పెచ్చు నేను తొక్కేస్తే?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ గంపను చూశారు.

"నా గంపా! ససేమిరా!" అంది గంపమ్మ.

"పిల్లల్ని తీసేశాకే పిన్నీ. ఖాళీ గంప," అంది చుక్కి.

"బురదైతే?"

"ఊటలో నేనే కడుగుతాను."

"నువ్వు కడిగితే మురికి పోదు. నేనే కడుక్కుంటాను. సరే, తీసుకోండి."

మైలన్న ఊబి అంచుదాకా బండి నడిపాడు. ఈసారి గాడుల మధ్య నిజమైన డెక్కలు పడ్డాయి. అక్కడినుంచి అదే గాడిలో వెనక్కి అడుగులు వేశాడు. నీలమ్మ ముందునుంచి నెట్టింది. చక్రం గుర్తు పడని రాతిచట్టు మీదికి చేరాక బండిని మళ్లించి పెద్ద బండ వెనక నిలిపారు. కోడిపిల్లల్ని చుక్కి వీపు మీద ఎక్కించారు. నీలమ్మ ఊబిలో దిగి, తనివితీరా పొర్లి, పెచ్చునంతా చితక్కొట్టి, మధ్యలో గంప బోర్లించింది. చితికిన పెచ్చు కనబడకుండా, గంపమ్మ సర్దిన ఎండుగడ్డిలో ఒక మోపు పైన పలచగా చల్లారు. అంత గడ్డి ఎందుకు సర్దావని ఇప్పుడు ఎవరూ అనలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గవరయ్య ఈలపాట పాడుకుంటూ వచ్చాడు. గాడులు చూశాడు, డెక్కలు చూశాడు, ఊబి మధ్యలో గంప చూశాడు.

"అయ్యో, అయ్యో!" అని పైకే అన్నాడు, ఎవరైనా వింటారేమోనని. తర్వాత పెదాలు నాక్కున్నాడు. "ఎద్దు పోయె, బండి పోయె, గంప తేలె. గంప కింద పిల్లలు ఊపిరాడక ఎంత అవస్థ పడుతున్నాయో! కాపలావాణ్ని నేను కాక ఎవరు కాపాడతారు?"

అప్పుడు గంపమ్మ బండ చాటునుంచి సన్నగా "క్లక్" అంది. అంతే.

గవరయ్య గెంతాడు. రాత్రంతా అతని బరువు మోసిన పెచ్చు ఇప్పుడు లేదు. మొదటి గెంతుకి మోకాళ్లు దిగాయి, రెండో గెంతుకి పొట్ట. అయినా ఆశ చావక చెయ్యి చాచి గంప ఎత్తాడు. గంప కింద బురద తప్ప ఏమీ లేదు.

"గవరయ్య మామా!" బండ మీద గంపమ్మ నిలబడి ఉంది. పక్కన చుక్కి, దాని వీపు మీద పిల్లలన్నీ. "గంప జాగ్రత్త. అంచు కొత్తగా అల్లించాను."

"గంపమ్మా! బతికే ఉన్నారా! ఎంత శుభవార్త! నన్ను లాగండి, లాగండి, పీకల్దాకా వస్తోంది!"

"ఊరికే అరవకు, రొమ్ము కూడా దాటలేదు," అంది నీలమ్మ, బండ చాటునుంచి వచ్చి అతని పక్కనే బురదలో హాయిగా నిలబడి. "చిరుత వస్తే ఏం చేస్తావో చూడాలని ఉంది."

"చిరుతా? అది... అది ఈ వారం ఊళ్లో లేదు."

కొండంతా నవ్వింది. మైలన్న మాత్రం నవ్వలేదు. "తాడు వెయ్యండి. ఎంతైనా ఇంతకాలం పలకరించుకున్నవాళ్లం," అన్నాడు. వినండి పిల్లలూ, తాడు ఉంది కాబట్టి వేశారు. ముడి లేని తాడు, గంపమ్మ మార్పించినది.

నక్క ఒడ్డున పడ్డాడు, నల్లటి ముద్దలా. పారిపోకుండా ఆ తాడు కొనను బండికి కట్టారు.

"ఇప్పుడు కొండెక్కాలి. బండి ఆగినప్పుడల్లా చక్రం వెనక రాయి పెట్టేవాడు కావాలి. గవరయ్యకి దారి బాగా తెలుసు," అన్నాడు మైలన్న.

ఆ ఎక్కుడు చూసి తీరాలి! మైలన్న ఈసారి కళ్లు మూయలేదు. చుక్కి ముందునుంచి "కుడికి పెదనాన్నా, ఎడమ చక్రానికి గొయ్యి!" అని కేకలు. నీలమ్మ వెనకనుంచి తలతో తోపు. గవరయ్య రొప్పుతూ, రాయి మోస్తూ, పెడుతూ, తీస్తూ. వాగు ఇసుకలో చక్రం దిగబడితే గంపమ్మ రెండో గడ్డి మోపు కింద వేయించింది. బండి మూలిగి, ఊగి, బయటపడింది. అంచు మీదికి వచ్చాక మైలన్న ఆగాడు. ఒగర్పు తీరలేదు. మోకాలు వణుకుతోంది. కానీ తల ఎత్తే ఉంది.

"ఇదిగో, ఇదే," అన్నాడు.

కింద మెరుస్తున్నది బండ కాదు, నీళ్లే. నీలమ్మ ఎవరి కోసమూ ఆగలేదు. పల్లంలోకి నడిచి నడిచి, నీళ్లలో మెడదాకా దిగి, అక్కడినుంచి ఒక్క మాట అంది. "చుక్కీ, బతికిపోయావే!"

ఊట ఒడ్డున ఈతచెట్ల కింద కొన్ని కుందేళ్లు పళ్లు పోగు చేస్తున్నాయి. ఎద్దును చూడగానే వాటి ప్రాణాలు పోయినంత పనైంది.

"పిచ్చెద్దు! పిచ్చెద్దు వచ్చింది! గవరయ్య మామా, ఎక్కడున్నావ్, కాపాడు!"

మైలన్న వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఎద్దు ఉందేమోనని. ఎవరూ లేరు.

"నన్నేనా?" అన్నాడు.

చెట్టు చాటునుంచి ఒక ముసలి కుందేలు తల బయటపెట్టింది. "కొండ కింద ఒక పిచ్చెద్దు ఉందనీ, కనబడితే కొమ్ములతో చీల్చేస్తుందనీ, అది ఇటు రాకుండా తానే కాపలా కాస్తున్నాననీ గవరయ్య మామ చెప్పాడు. ఏటేటా ఈతపళ్లన్నీ ఆయనకే ఇస్తున్నాం."

గంపమ్మ మెల్లగా అడిగింది. "తల్లీ, మరి ఇక్కడ చిరుత?"

"చిరుతా? అదెవరు?"

అందరూ బండి వెనక్కి చూశారు. గవరయ్య రాయి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బురద ఎండి ఒంటి మీద పెచ్చులు కట్టింది. ఒక్కొక్క పెచ్చూ రాలిపోతోంది. ముసలి కుందేలు అతన్నీ, ఎద్దునీ మార్చి మార్చి చూసి, చివరికి మైలన్న దగ్గరకొచ్చి, అతని కాలి దగ్గర ఒక ఈతపండు పెట్టింది. తర్వాత గవరయ్య కోసం పోగు చేసిన గుట్టంతా మోసుకొచ్చి అందరికీ పంచింది.

గవరయ్యకి తాడు విప్పేశారు. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. అతనే పోయాడు. కొండకి అటుపక్కా ఇటుపక్కా అతనికి కాపలా పని దొరకలేదు.

పొద్దు వాలుతుంటే మైలన్న ఊటలో మూతి పెట్టి తాగాడు. చాలాసేపు తాగాడు. తర్వాత ఒక్కొక్కటీ చూపించాడు. ఇది అమ్మ ఒళ్లు రుద్దుకున్న బండ, ఇది నేను జారిపడ్డ చోటు, ఇక్కడే పడుకునేవాళ్లం. అతను చూపించిన ప్రతిదాన్నీ అందరూ చూశారు. చుక్కి ఆ బండెక్కింది, సరే, అది ఎక్కకుండా ఉంటుందా. గంపమ్మ గంప కడిగి ఎండబెట్టి, పిల్లల్ని దాని కింద పెట్టబోయి, ఆకాశం చూసి, ఆగిపోయింది. "ఈ ఒక్క రాత్రికీ బయటే పడుకోండి. నా రెక్కకి అందేంత దూరంలో," అంది.

ఇప్పుడు ఆ కొండ మీద నిజంగానే ఒక బండి బాట ఉంది. దొడ్డివాళ్లు అటు పోతారు, కుందేళ్లు ఇటు వస్తాయి. రెండు గాడుల మధ్య డెక్కలు వరసగా పడి ఉంటాయి, పేడ కూడా ఉంటుంది, గంపమ్మకి గింజలూ దొరుకుతాయి.

కథలోని నీతి ఇదే: ఎవరో చెప్పిన భయాన్ని ఇంట్లో కూర్చుని మోయొద్దు, మనవాళ్లని తోడు తీసుకుని, నేల చూసుకుంటూ వెళ్లి, నిజమేమిటో మీ కళ్లతో చూసి రండి.

జీపు సంగతి అడిగారు కదా. వెళ్దాం. సర్దేది నేను, తాడు కూడా నేనే చూస్తాను, మీరు మధ్యలో కూర్చోవాలి. దారిలో ఈ కథ మీ స్నేహితులకి మీరే చెప్పండి. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఒకరు "చూద్దాం" అని ఉంటారు, వాళ్లకీ చెప్పమనండి. ఇక్కడ మనం చెప్పకపోతే మైలన్న గురించి చెప్పేవాళ్లు లేరు.